రెండో ప్రాసెసర్ వాటా

అమ్మా, నేను కులాసా, దిగులు పెట్టుకోకు.

రెండు ప్రాసెసర్ల కంప్యూటర్ బిగించానని రాశాగా, మూడు రోజులు నత్తనడక నడిచింది. "ఆ మదర్‌బోర్డు తిప్పి పంపెయ్యమ్మా," అన్నాడు మా షాపు ఓనరు. "నేను బిగించింది, నేనే నడిపిస్తాను," అని మొదటి స్క్రూ నుంచీ విప్పాను. తప్పు నాదే. మెమరీ ఉండే ర్యామ్ స్టిక్కులు ఎనిమిదీ మొదటి ప్రాసెసర్ పక్కనే గుచ్చేశాను, రెండోది ఉత్తచేతులతో కూర్చుంది. చెరి నాలుగు పంచగానే పరుగందుకుంది.

నా నీలం స్వెటర్ పంపు. కుట్టుమిషన్ బెల్టు మార్చారా? నాన్న మోకాలు ఎలా ఉంది?

ఈ నెల నాకు నాలుగు కార్డులు రాశావు. మాట పట్టింపుతో తమ్ముడికి ఒక్కటీ రాయలేదట. నాన్నకు నమస్కారాలు. దీనికి జవాబు వాడికి రాయి. మోకాలి సంగతి వాణ్ణే అడిగి తెలుసుకుంటాను.

నీ పెద్దది