తాడు నరికిన నహోవా

శాన్ ఫ్రాన్సిస్కో,
9 నవంబరు 1884

కెజయాకు,

నేను ప్రాణాలతో ఉన్నాను. అక్షరాలు వంకరపోయాయని కంగారుపడకు, ఎడమచేత్తో రాస్తున్నాను. ఆగస్టులో మేం బల్లెం దించిన తిమింగలం ఒక్కసారిగా లోతుకు మునిగింది. బల్లేనికి కట్టిన తాడు దానితో పరుగెత్తుతుంటే, ఆ చుట్టలో నా కుడిచెయ్యి ఇరుక్కుంది. నా వెనక తెడ్డు వేసే హవాయి దీవులవాడు నహోవా గొడ్డలి అందుకున్నాడు.

"తాడు తెంపావంటే నీ తాట తీస్తాను!" అని పడవ పెద్ద హార్లో అరిచాడు.

"నా తాట తర్వాత తియ్యండి దొరా, ముందు ఈయన చెయ్యి తియ్యనివ్వండి" అంటూనే వాడు నరికేశాడు.

నాకు మూడు వేళ్లు పోయాయి, హార్లోకి తిమింగలం పోయింది. రేవు చేరగానే నహోవాను ఓడలోంచి దించేశారు. ఇక ఏ ఓడా వాణ్ణి ఎక్కించుకోదు. అందుకని మన ఇంటికి రమ్మన్నాను.

మేడమీది గది ఖాళీ చేసి ఉంచు. మనిషి పొడగరి, మంచం చాలకపోతే పరుపు నేలమీద వెయ్యి. మన చలి ఎరగడు, నా ఉన్ని కోటు ఇవ్వు. మీ అన్న పీపాల కొట్లో పని ఉందేమో అడుగు. మన చిట్టితల్లి లిడియాకు దగ్గు తగ్గిందా? పైకప్పు కారడం ఆగిందా? మీ అమ్మగారికి నమస్కారాలు, లిడియాకు దీవెనలు.

గాయం మానేదాకా ఆసుపత్రివాళ్లు నన్ను కదలనివ్వరు. నహోవా బుధవారం రైలెక్కుతాడు, నా బట్టలూ సామానూ ఉన్న ఓడ పెట్టె వాడే మోసుకొస్తాడు. మన ఊళ్లో ఓడెక్కిన మనిషి రాకుండా అతని పెట్టె ఒక్కటే ఇంటికొచ్చిందంటే ఏమనుకుంటారో నీకు తెలుసు. తలుపు తీసి ఏడవకు. వాణ్ణి లోపలికి పిలిచి వేడిగా ఏదైనా పెట్టు.

నీ ఒబెద్