పది పంక్తుల లోపు

ఆగస్టు 6

మునిసిపాలిటీ వీధి భద్రత విభాగం సహాయ ఇంజనీరు గారికి, బడి పక్క వీధి మలుపు ఇంట్లో ఉండే రిటైర్డ్ బస్సు డ్రైవరు నమస్కరించి రాసుకునేది.

అయ్యా, మా ఇంటికి ఎదురుగా బడి పక్క గేటు ఉంది. మా ఆవిడ ఆ బడిలో ఆయా. పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా, మళ్లీ మధ్యాహ్నం మూడున్నరకి, చిన్న తరగతుల పిల్లల్ని చేయి పట్టుకుని వీధి దాటించడం ఆవిడ పని. మలుపు తిరిగి వచ్చే బండ్లకి ఆ గేటు కనపడదు. కనపడినా ఆగే ఉద్దేశం వాళ్లకి లేదు. పోయిన మంగళవారం పాల వ్యాను అద్దం తగిలి మా ఆవిడ ఎడమ మణికట్టు విరిగింది. ఆవిడ దాటిస్తున్న పిల్లలిద్దరూ కుడిచేతి వైపు ఉన్నారు కాబట్టి నేను ఈ ఉత్తరం ఇంత మర్యాదగా రాయగలుగుతున్నాను.

ఇంకొకసారి ఏమైనా జరిగితే పక్క గేటు మూసేస్తామని పెద్ద టీచరమ్మ చెప్పేసింది. అప్పుడు ఆరేళ్ల పిల్లలు లారీలు తిరిగే పెద్ద రోడ్డు చుట్టి రావాలి. నేను ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాను. ఒక్క కోడిపిల్లని తొక్కలేదు. మలుపు దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ వేయండి. మట్టి, కంకర, తారు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

ఇట్లు,
మలుపు ఇంటి డ్రైవరు

తా.క.: మర్యాదగా రాయమని మా ఆవిడ చెప్పింది. పైన రాసినదే నా మర్యాద.

ఆగస్టు 20

మలుపు ఇంటి డ్రైవరు గారికి,

అయ్యా, మీ అర్జీ అందింది. నమోదు సంఖ్య 112. నియమం ప్రకారం నూటికి పదిహేను బండ్లు ముప్పై కిలోమీటర్ల వేగం మించితేనే స్పీడ్ బ్రేకర్ మంజూరవుతుంది. అందుకోసం మా లెక్కింపు ఉద్యోగి మూడు రోజులు మీ వీధికి వస్తారు. అతనికి సహకరించగలరు.

మరొక విషయం. పది పంక్తులు మించిన అర్జీలను మా గుమాస్తా చదివి, ఒక వాక్యంలో సారాంశం రాసి నా ముందు పెడతారు. నేను చూసేది ఆ వాక్యమే. రోజుకు అరవై ఉత్తరాలు వస్తాయి. మన్నించాలి.

భవదీయుడు,
సహాయ ఇంజనీరు

తా.క.: మీ కలం ఒత్తిడికి కాగితం మూడు చోట్ల చిరిగింది. ఫైలులో మీ వెనక ఉన్న మురుగు కాలువ అర్జీ కూడా చిరిగింది. మెల్లగా రాయగలరు.

సెప్టెంబరు 2

ఇంజనీరు గారికి డ్రైవరు నమస్కారం.

మీ లెక్కల మనిషి వచ్చాడు. మంచివాడే. రోడ్డు పనివాళ్లు తొడుక్కునే పసుపుపచ్చ జాకెట్టు వేసుకుని, రోడ్డు అంచున కుర్చీ వేసుకుని, పక్కన బోర్డు పెట్టుకున్నాడు. బోర్డు మీద ఏముందో మీకు తెలిసే ఉంటుంది. "ఇచ్చట వాహనముల వేగము గమనించబడుచున్నది." అది చూసి బ్రేకు వేయనివాడు ఎవడండీ? పాల వ్యాను వాడు దిగి తోసుకుంటూ పోయినా నేను ఆశ్చర్యపోను. ఆ బోర్డు చూసి నడిచేవాళ్లు కూడా నెమ్మదించారు.

పైగా అతను వచ్చేది పదకొండుకి, లేచేది ఒంటిగంటకి. ఆ వేళకి పిల్లలంతా లోపల ఎక్కాలు చదువుకుంటుంటారు. "ఎనిమిదిన్నరకి రావయ్యా" అంటే, "ఆఫీసులో సంతకం పెట్టేది పదిన్నరకి బాబాయ్, దానికి ముందు నేను ఉద్యోగినే కాను" అన్నాడు. దొంగ ఎప్పుడొస్తాడో కనుక్కుని, ఆ వేళ తప్ప మిగతా వేళల్లో కాపలా కాసినట్టుంది మీ వ్యవహారం. ఈ లెక్క చెల్లదు. మళ్లీ లెక్కపెట్టించండి. బోర్డు లేకుండా, జాకెట్టు లేకుండా, పొద్దున పూట.

ఇట్లు,
కోపం అణచుకుంటున్న
డ్రైవరు

తా.క.: మూడు రోజులూ అతను మా ఇంట్లోనే భోంచేశాడు. పోతూ పోతూ జాకెట్టు మా గోడ మేకుకి మరిచిపోయాడు.

సెప్టెంబరు 15

డ్రైవరు గారికి,

అయ్యా, లెక్కింపు సమయంలో బండ్లన్నీ నెమ్మదించాయని మీరు తెలిపినట్టు సారాంశం చదివి సంతోషించాము. మా లెక్క కూడా అదే చెబుతున్నది. మూడు రోజుల్లో మొత్తం బండ్లు 214. వేగం మించినవి రెండు. కనుక మీ వీధి ఈ ఊళ్లో అన్నిటికన్నా భద్రమైన వీధిగా తేలింది. ప్రశంసాపత్రం జతచేశాము. నలుగురికీ కనపడే చోట పెట్టగలరు.

అర్జీ 112 ముగించబడింది. ఆరు నెలల తరవాత మళ్లీ పెట్టుకోవచ్చు.

భవదీయుడు,
సహాయ ఇంజనీరు

తా.క.: వేగం మించిన రెండింటిలో ఒకటి మా ఆఫీసు జీపు. రెండోది ఒక నల్ల మోపెడ్. అది మూడో రోజు పన్నెండున్నరకి మీ ఇంటి ముందే ఆగిందని మా ఉద్యోగి రాశాడు.

సెప్టెంబరు 22

ఇంజనీరు గారికి,

ఆ మోపెడ్ నాదే. మీ మనిషి ఆకలితో కూర్చున్నాడని పెరుగు కోసం వెళ్లి పరుగున వచ్చాను. నాకు తగిన శాస్తి జరిగింది. ఇంక ఆ మాట ఎత్తకండి.

మీ మనిషి కుర్చీ ఎత్తుకుని వెళ్లిన మర్నాడే పాల వ్యాను మళ్లీ వచ్చింది. మా ఆవిడ ముగ్గురు పిల్లల్ని వెనక్కి లాగింది. ఒకడి పలకల సంచీ రోడ్డు మీద పడి చక్రం కింద నలిగింది. సంచీ కాబట్టి సరిపోయింది. ఆ నలిగిన సంచీని మీ ప్రశంసాపత్రం పక్కనే మేకుకి తగిలించాను. వచ్చినవాళ్లు రెండూ చదువుకుని పోతున్నారు.

మీతో అవదని తెలిసి నేనే ఒక ఏర్పాటు చేశాను. చేలో పిట్టల్ని తోలడానికి పెడతారే, అలాంటి బొమ్మ. నా పాత ఖాకీ బట్టల్లో గడ్డి కూరి, మీ జాకెట్టు తొడిగి, తలకి హెల్మెట్టు పెట్టి, మా కుర్చీలో కూర్చోబెట్టాను. ఒళ్లో ఒక నోటు పుస్తకం. బండ్లన్నీ బుద్ధిగా పోతున్నాయి. పాల వ్యాను వాడు నమస్కారం కూడా పెట్టాడు. కదలకుండా కూర్చుని పనిచేసేవాణ్ణి మీ శాఖ తరఫున మొదటిసారి చూశాను.

అయినా గడ్డి ఎన్నాళ్లుంటుంది? బ్రేకర్ వేయండి.

ఇట్లు,
డ్రైవరు

తా.క.: నిన్న ఒకాయన స్కూటరు ఆపి, తన వీధికి కూడా బ్రేకర్ కావాలని బొమ్మకి అర్జీ ఇచ్చి పోయాడు. దీనితో పంపుతున్నాను. మీకన్నా బొమ్మే ఓపిగ్గా విన్నదట.

అక్టోబరు 20

డ్రైవరు గారికి,

అయ్యా, లెక్కింపు ఉద్యోగి కదలకుండా పనిచేస్తున్నాడని మీరు మెచ్చుకున్నట్టు సారాంశం అందింది. ప్రజలు ఉద్యోగుల్ని మెచ్చుకుంటూ రాయడం ఈ విభాగంలో ఇదే మొదలు. వెంటనే తనిఖీ అధికారిని పంపాము. ఆయన ఇరవై రెండు రోజులు జీపులో మీ వీధి మీదుగా వెళ్లి, ప్రతిసారీ ఉద్యోగి తన స్థానంలోనే ఉన్నట్టు హాజరు వేశారు. పొద్దున ఎనిమిదిన్నరకి కూడా. మా విభాగంలో నూటికి నూరు హాజరు ఉన్నది ఇతనికే.

ఇంతటి పనిమంతుణ్ణి భద్రమైన వీధిలో ఉంచడం సబబు కాదు. కనుక అతన్ని కూరగాయల మార్కెట్ కూడలికి బదిలీ చేశాము. ఉత్తర్వు జతచేశాము. అతనికి అందజేయగలరు.

భవదీయుడు,
సహాయ ఇంజనీరు

తా.క.: అతని పేరు ఏ రిజిస్టరులోనూ దొరకలేదు. కనుక్కుని రాయగలరు.

అక్టోబరు 23

ఇంజనీరు గారికి,

ఈసారి పది పంక్తుల్లో ముగిద్దామనుకున్నాను. కానీ నా కోపం పదకొండో పంక్తికి గానీ వేడెక్కదు. ఏం చేయను?

అతనికి పేరు లేదు. అతను గడ్డి. తల గడ్డి, కాళ్లు గడ్డి, కడుపులో గడ్డి. మీ ఉత్తర్వు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మీ తనిఖీ ఆయన జీపు దిగి ఒక్కసారి వేలితో పొడిచి చూసుంటే వేలు వీపులోంచి బయటికి వచ్చేది. ఇరవై రెండు రోజులు హాజరు వేసిన ఆయన కళ్లు ఎక్కడున్నాయండీ? ముప్పై ఒక్క ఏళ్లు నేను ఎండలో వానలో బస్సు నడిపితే, అయిదు నిమిషాలు ఆలస్యమైనందుకు సంజాయిషీ అడిగారు మా డిపోలో. ఇక్కడ గడ్డికి పొగడ్తలూ బదిలీలూ. రేపో మాపో దానికి ప్రమోషన్ వస్తే అర్జీలు దానికే రాసుకుంటాను, మీరు తప్పుకోండి.

మీ గుమాస్తా గారికి: బాబూ, నీకు దండం పెడతాను. ఈ ఒక్కసారికి "బొమ్మ" అనే మాట వదలకుండా రాయి.

ఇట్లు,
డ్రైవరు

తా.క.: బదిలీ చేస్తే కుర్చీ ఇవ్వను. కుర్చీ మాది.

నవంబరు 3

డ్రైవరు గారికి,

అయ్యా, మీరు బదిలీని వ్యతిరేకిస్తూ విధుల్లో ఉన్న ఉద్యోగిని "గడ్డి" అని నిందించినట్టు సారాంశం అందింది. ఇది విచారకరం. మెచ్చుకున్న నోటితోనే తిట్టడం తగదు. ఈసారికి హెచ్చరించి వదులుతున్నాము.

మీ మాట నిజమేమోనని నిన్న తనిఖీ అధికారిని మళ్లీ పంపాము. ఉద్యోగి కాస్త చిక్కాడట. అయినా కుర్చీలోంచి లేచి, తన విధి కాకపోయినా పిల్లల్ని దాటిస్తూ కూడా కనిపించాడట. వంగి కూర్చున్నందుకు మాత్రం మందలించి వచ్చారు. సోమవారం, పదమూడో తేదీన అతను తప్పకుండా మార్కెట్ కూడలిలో చేరాలి.

భవదీయుడు,
సహాయ ఇంజనీరు

తా.క.: ఉద్యోగి తిరిగి మందలించాడని తనిఖీ అధికారి బాధపడ్డారు.

నవంబరు 10

ఇంజనీరు బాబుకి ఆయా రాసేది.

పది పంక్తుల లోపు అయితే మీరే చదువుతారట, అందుకని లెక్కపెట్టుకుని రాస్తున్నాను. వానకి బొమ్మ తడిసింది, ఆవు గడ్డి తినేసింది. అప్పటినుంచి ఆ జాకెట్టు, హెల్మెట్టు వేసుకుని కుర్చీలో కూర్చుంటున్నది నేను. మా ఆయన లోపల మీకు ఉత్తరం రాసుకుంటూ ఉంటారు. కూర్చుంటే పిల్లల్ని దాటించలేను, లేస్తే బండ్లు ఆగవు. నిన్న ఒక పాప జడ రిబ్బను వ్యాను అద్దానికి చిక్కుకుని పోయింది. గేటు మూసేయడానికి తాళం కూడా కొనేశారు. సోమవారం నేను మార్కెట్ కూడలికి రాలేను, నాకు బడి ఉంది. బ్రేకరైనా వేయండి, లేదా మీరైనా వచ్చి కూర్చోండి.

ఉంటాను,
ఆయా

నవంబరు 20

అమ్మా, నమస్కారం.

మీ ఉత్తరం మొత్తం చదివాను. పదహారో తేదీ గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి మామూలు బట్టల్లో వచ్చి, మీ కుర్చీలో కూర్చున్నాను. బోర్డు తేలేదు. మీరు గేటు దగ్గర ఉండి నన్ను గుర్తుపట్టలేదు. "అక్కడ కూర్చోకు నాయనా, పోతావు" అన్నారు.

నలభై బండ్ల దాకా లెక్కపెట్టాను. ముప్పై మించనివి మూడు. అందులో ఒకటి చక్రంలో గాలి పోయి తోసుకుంటూ వెళుతున్నది. నలభై ఒకటో బండి పాల వ్యాను. గడియారం చూసుకోవడానికి నేను లేచి పక్కకు జరగబట్టి సరిపోయింది. కుర్చీ లేనందున లెక్కింపు అంతటితో ఆపాను.

ఇరవై అయిదు, శనివారం బ్రేకర్ వేస్తున్నాము. పెద్ద టీచరమ్మకి కూడా రాశాను. కుర్చీ కొత్తది పంపుతాను.

భవదీయుడు,
సహాయ ఇంజనీరు

తా.క.: ఈ ఉత్తరం పది పంక్తులు మించినందున నకలు మా గుమాస్తా చేతికి వెళ్లింది. "ఇంజనీరుగారి కుర్చీ పోయింది" అని సారాంశం రాశాడు. ఆఫీసులో ఇద్దరు అప్పుడే నన్ను పలకరించడం మానేశారు.

డిసెంబరు 1

ఇంజనీరు బాబుకి డ్రైవరు చెప్పగా ఆయా రాసేది.

బ్రేకర్ బాగుంది. పాల వ్యాను నెమ్మదించింది, తాళం టీచరమ్మ బీరువాలోకి పోయింది. బ్రేకర్ మీద మాత్రం తెల్ల రంగు వేయలేదు. శనివారం సాయంత్రం నల్ల మోపెడ్ ఒకటి దాన్ని చూసుకోకుండా ఎగిరింది. మా ఆయన కుడి మణికట్టు విరిగింది, అందుకే రాత నాది. సోమవారం లోపు రంగు వేయించండి, పిల్లలకీ కనపడాలి.

ఉంటాము,
డ్రైవరు, ఆయా

తా.క.: ఆయన చెప్పినది ముప్పై ఒక్క పంక్తులు. నేను రాసింది సారాంశం. ఏం రాశావో చదవమని అడిగారు. ఆయన చెప్పినదే చదువుతున్నట్టు వినిపించాను.