పెద్దగుమాస్తా గారి రిమార్కులు

వదినకు నమస్కారాలు.

నేను పనిచేసే కాపీల గదిలోకి ఫోన్లు రానివ్వరు. మెయిలు పెడితే మా ఆఫీసంతా చదువుతుంది. అందుకని ఆఫీసు తపాలా సంచిలో ఈ ఉత్తరం వేస్తున్నాను.

మీ ఆస్పత్రి రికార్డులుండే వర్చువల్ మిషనుకు, అంటే కంప్యూటరులోని కంప్యూటరుకు, ఇక్కడ నకలు తయారవుతుంది కదా, అది బాగా వెనకబడింది. మీ లైను సన్నం. పంపేముందు సరుకును కుదించే కంప్రెషన్ సున్నాలో ఉంది, నాలుగుకు పెట్టండి. తొమ్మిది దాకా ఉంది గానీ, అంత పిండితే మిషను ఆయాసపడి వార్డుల్లో తెరలు బిగుసుకుపోతాయి.

మీ రికార్డుల గది పెద్దగుమాస్తా గారిని అడిగానని చెప్పండి. ఆయన్ని ఎన్నడూ చూడలేదు గానీ, రిమార్కుల గడిలో ఆయన రాసే ముక్కలు చదవందే నాకు పొద్దు గడవదు. నిన్న "లిఫ్టు పనిచెయ్యలేదు, మెట్లు నన్ను లెక్కపెట్టాయి" అని రాశారు.

ఇట్లు,
మీ మరిది

తా.క.: అన్నయ్య పొట్టకు ఈ కంప్రెషన్ పనికిరాదు. ముందే చెబుతున్నాను.

* * *

మరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి, కూర్చుని ముగించాను. పెద్దగుమాస్తా గారు పోయి నెల దాటింది. ఒక శనివారం నిద్రలోనే పోయారు. నేను స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను. రికార్డుల గదికి పది రోజులు తాళం వేసి, తరవాత ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. లిఫ్టు బాగై కూడా మూడు వారాలైంది. చావు మీద వేళాకోళం మంచిది కాదు.

సూపరింటెండెంటు గారికి చెబితే, ఆయన పేరుతో దొంగెవడో దూరాడన్నారు. కుదిస్తే నూట ఎనభై రక్తపోటు ఎనభై అయి కూర్చుంటుందేమోనని ఇంకో దిగులు. అయినా నాలుగుకు పెట్టాను.

ఉంటాను,
నీ వదిన

తా.క.: ఆ కుర్చీ వదిలి స్టూలు మీద కూర్చుంటున్నాను. నడుము విరిగేట్టుంది గానీ, ఒకవేళ ఆయన వస్తే లేవమని చెప్పించుకోవడం మర్యాద కాదు.

* * *

వదినకు నమస్కారాలు.

వేళాకోళం కాదు. తేదీలు ఇప్పుడు చూశాను. నకలు నలభై ఒక్క రోజులు వెనకుంది. నేను నిన్న అనుకున్నది ఎప్పటిదో. పోయిన మనిషి ఉత్తరం తపాలాలో నలిగి ఆలస్యంగా అందినట్టు. అంతకుమించి ఏమీ లేదు. అంకె ఒక్కటీ పోదని సూపరింటెండెంటు గారికి చెప్పండి. పరుపు చుట్టి తాడు కట్టినట్టే, విప్పితే మళ్ళీ అదే పరుపు.

కానీ వదినా, నాలుగుకు పెట్టాక ఆయన రోజులు పరుగెత్తుతున్నాయి. నిన్న ఒక్క పూటలో మూడు రోజులు బతికారు. కళ్ళజోడు మరమ్మతుకిచ్చారు, తెచ్చుకున్నారు. సోమవారం స్టోర్సు వాళ్ళతో పోట్లాడాలని రాసుకున్నారు. ఆ సోమవారం ఆయనకు లేదని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. శుక్రవారం దగ్గరపడేసరికి, పెంచడం మీ చేతిలోదే గానీ తగ్గించడం మాకూ కుదురుతుంది కాబట్టి, కంప్రెషన్ను సున్నాకి తిప్పేశాను.

ఇట్లు,
మీ మరిది

తా.క.: ఎందుకు నిదానించిందని మా పైఅధికారి అడిగితే లైనుకు జలుబు చేసిందన్నాను. నమ్మాడు.

* * *

మరిదికి ఆశీస్సులు.

నువ్వు చేసింది విని మీ అన్నయ్య కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం తిడతాను. మా మిషను రెండు రోజులుగా పిండిమరలా మోగుతోంది. అది ఆగిపోతే, నీకు చేరని నెలరోజుల రికార్డులు గాల్లో కలిసిపోతాయి. పోయినాయన్ని ఇంకో నాలుగు రోజులు నిలబెట్టడానికి ఉన్నవాళ్ళ వైద్యం పోగొడతావా?

ఈ పొద్దున నేనే తొమ్మిదికి పెట్టాను. నువ్వన్నట్టే తెరలు బిగుసుకుపోయాయి. నర్సులు కాగితాల మీద రాసుకుంటూ నన్ను తలుచుకుంటున్నారు. ఏ మాటలతోనో అడగకు.

ఆ శనివారాన్ని పోనియ్యి, నాయనా.

నీ వదిన

తా.క.: మళ్ళీ సున్నా వైపు చెయ్యి పెట్టావంటే, ఆ చేతిని వచ్చి నేనే కుదిస్తాను.

* * *

వదినకు నమస్కారాలు.

పోనిచ్చాను. శుక్రవారం ఐదున్నరకు "తాళం వేస్తున్నాను" అని రాశారు. శనివారం, ఆదివారం, సోమవారం గడులు ఖాళీ. లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

వచ్చేసరికి మంగళవారం పదకొండు గంటలకు ఆయన పేరుతో ఒక రిమార్కు. మీ మూడో వార్డుకు వైద్యానికి వచ్చిపోయే కుట్టుపనావిడ ఫైల్లో ఉంది. జ్వరానికిచ్చే ఒక ఇంజక్షను ఆవిడకు పడదట. పాత కాగితంలో ఉన్నది మిషనుకు ఎక్కించకపోవడం తన పొరపాటేనట.

మీ లెక్క ప్రకారం ఆ మంగళవారం గదికి తాళం ఉంది. తరవాత మీరే ఆయన పేరుతో ఎక్కించారా? ఔనని ఒక్క ముక్క రాయండి, చాలు. మిగతా రికార్డులన్నీ ఈ పూట దాకా నకలుకు చేరిపోయాయి.

ఇట్లు,
మీ మరిది

తా.క.: నేనూ ఒక స్టూలు తెప్పించుకున్నాను.

* * *

మరిదికి ఆశీస్సులు.

అది నేను కాదు.

నిన్న పదింటికి మా మిషను ఆగిపోయింది. అప్పటినుంచీ వార్డులన్నీ నీ నకలు మీదే నడుస్తున్నాయి. ఆ కుట్టుపనావిడ మొన్ననే ఒళ్ళెరగని జ్వరంతో మళ్ళీ చేరింది. డాక్టరమ్మ సూది పట్టుకుని, చివరిసారి తెరవైపు చూసి, ఆ రిమార్కు చదివి, ట్రేలో పెట్టేసిందట. ఈ పూట ఆవిడ లేచి కూర్చుని, నా కత్తెర ఎవరు తీశారని అందరినీ నిలదీస్తోంది.

పాత కాగితాల కట్ట విప్పాను. ఆయన చెప్పినట్టే ఉంది. మా మిషను ఆగకముందు నేను తీయించి పెట్టుకున్న ప్రింట్లన్నీ కూడా వెతికాను. ఆవిడ ఫైల్లో ఆ రిమార్కు లేదు. ఇక్కడ బయల్దేరనిది అక్కడికెలా చేరిందో నాకు తెలియదు. నీకూ తెలియదని తెలుసు, రాయకు.

నీ వదిన

తా.క.: ఆయన పేరు ఆ నకలులోంచి తీసెయ్యమని సూపరింటెండెంటు గారి ఆర్డరు. తీద్దామని తెరిస్తే రిమార్కుల గడిలో ఈ రోజు తేదీతో ఒక ముక్క ఉంది. "ఇంకో రెండు రోజులు ఆగమ్మా, ఐదో వార్డులో ఎక్కించాల్సింది ఒకటి మిగిలిపోయింది." ఆగాను.