పదో మిషను

ఆగస్టు 21, గురువారం

కొత్త వ్యాపారాలకి సలహాలిచ్చే కేంద్రంలోని అక్కగారికి,

మీరు మనుషుల్ని నిలబెట్టి, వాళ్లు నిలబడగానే ముఖం తిప్పుకునే రకం. ఇది చెప్పాకే నమస్కారం. మీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. ఇక్కడ అందరం క్షేమం, సంచులతో సహా.

పోయిన నెల మా షెడ్డులో పదో మనిషి చేరగానే నా ఫైలు మూసేశారు. పదిమంది ఉంటే వ్యాపారం నిలదొక్కుకున్నట్టేనట! ఎవరు పెట్టారండీ ఈ రూలు? కలవారి పిల్లలకి సలహా భోజనాల బల్ల దగ్గరే దొరుకుతుంది. తండ్రి, మామ, బాబాయి, అడక్కపోయినా చెప్పేవాళ్లు ఇంటినిండా. ఆ ఫైలు ఎవడూ మూయడు. మూతపడ్డ మిల్లులోంచి వచ్చిన నాలాంటిదానికి వారానికి ఒక్క గంట. అదీ నడక రాగానే లాక్కుంటారు. ఇదేం న్యాయం?

మొదటి గురువారం గుర్తుందా? బడి సంచులు కుట్టే షెడ్డు పెడతానని వచ్చి, పెద్ద కంపెనీల దోపిడీ మీద ముప్పావుగంట దంచాను. మీరు పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నారు. ఆఖర్న నేను తెచ్చిన సంచిలో ఆరు లావుపాటి పుస్తకాలు కుక్కి, నా భుజానికే తగిలించి, మెట్లు దిగి ఎక్కి రమ్మన్నారు. సగం మెట్లలోనే పట్టీ తెగింది. మీ కోపం గట్టిదేనమ్మా, కుట్టే గట్టిగా లేదు అన్నారు. ఒళ్లు మండింది. అయినా మర్నాడు బడి గేటు దగ్గర నిలబడి, పిల్లల సంచులు ఎక్కడెక్కడ చిరుగుతున్నాయో చూసొచ్చాను. అప్పుడు మార్చిన పట్టీయే మమ్మల్ని ఇంతదూరం మోసుకొచ్చింది.

ఇప్పుడు గురువారం మూడు కొట్టగానే కాళ్లు వాటంతటవే చెప్పులు వెతుక్కుంటాయి. జిప్పుల రకం మార్చాలా వద్దా? ఇక్కడ ఎవర్నడిగినా మీ ఇష్టం అక్కా అంటారు. నన్ను కాదనే మనిషి మీరొక్కరే.

అందుకే రాస్తున్నాను. మా పదో ఆవిడ పని మానేసింది. మళ్లీ తొమ్మిదిమందే. మీ రూలు ప్రకారమే నా ఫైలు తెరవండి.

ఇట్లు,
మీరు నినాదాలమ్మ అని ఏడిపించే
సంచులావిడ

తా.క. శుక్రవారం. ఉత్తరం ఇంకా పోస్టు చేయలేదు. నిన్న అబద్ధం రాశాను. ఆవిడ మానలేదు, నేనే మాన్పించాను, ఈ ఫైలు కోసం. ఆర్డర్లు తగ్గాయన్నాను. ఇరవయ్యేళ్లు మిల్లు గేటు ముందు యజమానుల మీద అరిచిన నోటితోనే అన్నాను. ఈ పొద్దున ఆవిడ వచ్చి, నా కుట్టులో తప్పేముందో చెప్పక్కా, దిద్దుకుంటాను అంది. పదో మిషను మీద కప్పిన గుడ్డ తీశాను. అది ఇప్పుడు నడుస్తోంది.

కాబట్టి నా డిమాండ్లు:

1. నా ఫైలు మూసే ఉంచండి.
2. నా గంట వరసలో ఉన్నవాళ్లకి ఇవ్వండి.
3. ఆ రూలు మార్చమని పైవాళ్లకి మీరూ రాయండి, నేనూ రాస్తాను.
4. గురువారం మూడింటికి మా షెడ్డుకి రండి. సలహా వద్దు. టీ తాగి, ఏదో ఒకదానికి కాదని వెళ్లండి.