నువ్వు ఇంకోటి అడిగిన సర్వపిండి

నాయినా,

నువ్వు పోయాక చేరిన డైటీషియన్ చదువు ఆఖరి ఏడాదికొచ్చింది. ఈరోజు సూర్యాపేట దవాఖానలో, హాలియా నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు నా మొదటి డైట్ చార్టు రాయడానికి కూర్చున్నాను.

"బువ్వ బందు వెట్టిన బిడ్డా, అయినా షుగర్ దిగుతలేదు," అన్నాడు.

"నేనే రోజూ సర్వపిండి కాల్చి పెడ్తున్న మేడం," అంది పక్కనున్న కూతురు, గర్వంగా.

చార్టు మీద నా చెయ్యి ఆగింది. మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోసొచ్చే నీకు షుగరని డాక్టర్ అన్నం వద్దంటే, బియ్యప్పిండితో అదే సర్వపిండి కాల్చి పెట్టింది నేను. నువ్వు మెచ్చుకుని ఇంకోటి అడిగేవాడివి.

ఆ అమ్మాయిని కోప్పడలేదు. "బియ్యప్పిండి కూడా అన్నమే" అని చెప్పి, ఆమె అదే మాట నాకు తిరిగి చెప్పేదాకా మాత్రం కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఇకపై ఎవరినీ లేవనివ్వను.

ఆ ఒక్క మాట అప్పుడు నాకెవరూ చెప్పలేదు నాయినా.