పాలు పడాలని తెచ్చిన గడ్డ

ఖానాపురం హవేలి

డాక్టరమ్మ గారికి నమస్కారం.

మూడేళ్ల కింద నా రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసింది మీరే. ముట్లు ఆగాక ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయని మళ్లీ వస్తే, క్యాన్సర్ తిరగబెట్టవచ్చు, హార్మోన్ మాత్రలు నీకు పనికిరావన్నారు. ఆ మాట దాటానని నేను అనుకోలేదు.

మా అమ్మాయి ప్రసూనకు కాన్పయ్యాక పాలు చాలలేదు. దమ్మపేట సంతలో అడవి గడ్డలు అమ్మే పుల్లమ్మ నేలగుమ్మడి గడ్డ ఇచ్చింది. "ఎండబెట్టి, పొడి జేసి పాలల్ల కలిపియ్యమ్మా, బాలింతకు పాలు పడతయ్. తల కాడి ముక్క మాత్రం మల్ల మట్టిల పెట్టు, అది బతకాలె" అన్నది. రోజూ ప్రసూనకు ఇచ్చాక గిన్నెలో మిగిలింది పారబోయలేక నేను తాగాను.

నెల తిరిగేసరికి ప్రసూనకు పాలు పడ్డాయి, నాకు ఆవిర్లు తగ్గాయి. మట్టిలో పెరిగే గడ్డకు ఆడదాని ఒళ్లు ఇంత బాగా ఎట్లా తెలుసని ఆ ఖాళీ గిన్నె పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నిన్న ఈ సంగతి చెబితే మెడికల్ షాపు సతీష్ అన్నాడు: "కొన్ని మొక్కలల్ల గా మాత్రలల్ల ఉండే హార్మోన్ లాంటిదే ఉంటదట అక్కా." అప్పటినుంచి ఆ గిన్నెకు దండం పెట్టాలో, భయపడాలో తెలియడం లేదు. ఈ రోజు తాగలేదు. నాకు చేటు జరిగిందేమో చూసి చెప్పండి. ప్రసూన తాగవచ్చో లేదో కూడా చెప్పండి.

తల కాడి ముక్క కుండీలో పెట్టాను. పొద్దున చిగురు వేసింది. మీరు వద్దంటే తాగను గానీ, దానికి నీళ్లు మాత్రం పోస్తాను.

ఇట్లు,
ప్రసూన వాళ్లమ్మ