స్టెల్లా ప్రశ్నకు నేను చెప్పిన జవాబు

మంగళవారం, రాత్రి

ఈరోజు నోరు మూసుకుని ఉండాల్సింది.

గని కాలనీలో గ్రేస్ ఆంటీ ఇంటి ముందు గదే మా బడి. మేం అయిదుగురమే. ఎవరికి ఏది ఇష్టమో అదే వారి పాఠం. ఆంటీ పెట్టిన కట్టుబాటు ఒక్కటే: ప్రశ్న ఎవరిదో, జవాబు వెతుక్కునే వంతూ వారిదే. మిగిలినవాళ్లు తోడు వెళ్లవచ్చు, ముందు పరుగెత్తకూడదు.

మాలో చిన్నది స్టెల్లా. గౌనిపల్లి నుంచి తెచ్చుకున్న పట్టుపురుగులను చేటలో పెంచుతోంది. పొద్దున అవి ఆకు తినడం మానేసి, తలలెత్తి ఊగుతున్నాయి.

"వీటికి జబ్బు చేసినట్టుండాది. ఏమైనాదో నేనే కనిపెడతా" అని చేట పక్కనే కూర్చుంది.

నిన్ననే పుస్తకంలో నాకు 'రూపాంతరం' అనే మాట దొరికింది. ఎంత బాగుందో! ఎక్కడైనా వాడాలని ఒకటే ఆత్రం.

"జబ్బు కాదే, గూడు కట్టబోతుండాయి. దాన్నే రూపాంతరం అంటారు" అనేశాను.

వంటింట్లోంచి ఆంటీ అడిగింది: "ఏమమ్మా, ఆ పాఠం నీదా, దానిదా?"

నాకు సిగ్గేసింది. స్టెల్లా చేటను నావైపు తోసింది.

"అన్నీ నీకు తెలుసు కదక్కా, ఇంగ నువ్వే చూసుకో."

ఇక అది ఏదీ అడగకపోతే?

సాయంత్రం ఒక పురుగు నిజంగానే దారం తీయడం మొదలుపెట్టింది. ఎండలో సన్నగా మెరిసింది. "స్టెల్లా, రావే, చూడు!" అని అరిచాను.

అది గచ్చకాయలు ఆడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"తెలుసులే అక్కా. నువ్వు చెప్పినావు కదా."